ఊ కొట్టని లాప్‌టాప్

నా కొట్టులో నా మాట వినే మనిషి ఇంతవరకూ పుట్టలేదు. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారిలో, ఎరువుల దుకాణానికీ టిఫిన్ సెంటరుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది మా కొట్టు. పాత లాప్‌టాప్‌లు కొని, బాగుచేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి అమ్ముతాను. బయట బోర్డు మీద నా పేరుతోనే సిద్దికా కంప్యూటర్స్ అని ఇంత లావు అక్షరాలతో రాయించాను. అయినా లోపలికొచ్చిన ప్రతివాడూ “ఓనరు గారు లేరా అమ్మా” అంటాడు. నేనేనండి అంటే, “మరి మెకానిక్కు?” అంటాడు. అదీ నేనే అన్నాక ఇక నేను చెప్పేది వినటం మానేసి లాప్‌టాప్ రంగు చూడటం మొదలుపెడతాడు.

ఇంతా చేసి నేను చెప్పేది ఒక్కటే. తక్కువ ధరలో మిషను కొనేటప్పుడు పైన మెరుపు కాదు, లోపల లినక్స్ సరిగా నడుస్తుందో లేదో చూసుకోవాలి. వైఫై దొరుకుతోందా, స్పీకరు పలుకుతోందా, మూతేసి తీస్తే మళ్లీ నిద్ర లేస్తోందా. అందుకోసం మెడలో తాడుకి ఒక పెన్‌డ్రైవ్ కట్టుకుని తిరుగుతాను. అందులో లినక్స్ మొత్తం ఉంటుంది. ఏ మిషనుకు గుచ్చినా, దానిలో ఉన్నది చెరపకుండా నడిపి చూపిస్తుంది. చూసుకుని, నచ్చితేనే కొనుక్కో నాయనా అంటాను. “అది సరేగానీ, బ్యాగు ఫ్రీనా?” అంటారు. ఒళ్లు మండదూ మరి?

అలాంటి నా కొట్టుకి ఒక పొద్దున ఇద్దరు ఆడవాళ్లొచ్చారు. ముందు నడిచినావిడ పేరు కోటిరత్నం. పెదనందిపాడు వైపు ఊరు, అరవై దాటి ఉంటాయి. ఆవిడ బయట ఆటోవాడితో మాట్లాడుతుంటేనే లోపల డబ్బాలో నా స్క్రూలు కదిలాయి, అదీ ఆ గొంతు. వెనకాలే చేతిలో గుడ్డసంచితో ఎలీసమ్మ, సన్నగా, మాటా పలుకూ లేకుండా. ఇద్దరి వేళ్లూ గోళ్ల మొదట్లో ఎర్రగా ఉన్నాయి. మిరపకాయల తొడిమలు తీసే షెడ్డు మనుషులని మా వైపు ఎవరికైనా ఆ వేళ్లు చూస్తే తెలిసిపోతుంది.

“అమ్మాయ్, పుస్తకం చదువుతుంటే పట్టుకునే మిషను కావాలి” అంది కోటిరత్నం.

“రికార్డింగు చేసుకోవటానికా పిన్నిగారూ?”

“అదే. దీని కూతురి కోసం.”

ఎలీసమ్మ కూతురు లిడియాకి పుట్టుకతోనే చూపు లేదు. గుంటూరులో హాస్టల్లో ఉండి టీచరు పోస్టుల పరీక్షకు చదువుతోంది. పోయినసారి తప్పింది. పుస్తకాలు ఫోన్లో పెడితే అందులో ఒక మిషను గొంతు చదివి వినిపిస్తుంది కదా, ఆ గొంతు పొద్దస్తమానం విన్నా చెవి దాటి లోపలికి పోవటం లేదట ఆ పిల్లకి.

“ఈసారి కూడా తప్పితే ఇక చాలంటందమ్మా” అంది ఎలీసమ్మ. అదే ఆమె మొదటిసారి నోరు తెరవటం. “షెడ్డుకొచ్చి కూచుంటా, తొడిమలు తీయటానికి కళ్లతో పనేముంది అంటంది.”

ఆ మాటకు కోటిరత్నం స్టూలు లాక్కుని కూచుంది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. వాళ్ల షెడ్డులో అందరూ గోనెపట్టాల మీద కూచుని తొడిమలు తీస్తుంటే ఈవిడ పేపరు పైకి చదువుతుంది. పేపరు అయిపోతే వారపత్రిక, అదీ అయిపోతే ఎలీసమ్మ సంచిలో బైబిలు. ఆవిడ వంతు కాయలు మిగతావాళ్లు తలా దోసెడు లాక్కుని తీసిపెడతారు. ఎన్నో ఏళ్లుగా ఇదే పద్ధతి. లిడియా చిన్నప్పుడు బడి లేని రోజల్లా తల్లి పక్కన కూచుని ఆ చదువంతా వింటూ పెరిగింది. “అక్క చదివినయ్యి ఇప్పటికీ ఒక్క ముక్క పోకుండా అప్పజెబుద్ది” అంది ఎలీసమ్మ. అందుకని ఈ పరీక్ష పుస్తకాలు కూడా కోటిరత్నమే చదవాలని వాళ్ల ఏర్పాటు.

“మరి ఫోన్లో రికార్డు చెయ్యొచ్చుగా?” అన్నాను. అమ్ముకునేదాన్ని అలా అనకూడదు, కానీ నాకు నోరాగదు.

“చేశాం. ఫోను మా ఆదెయ్యది. అదే, మా ఇంటాయన. పాఠం మంచి పట్టులో ఉండగా కమీషను కొట్టోళ్లు ఫోన్ చేసి కాయ రేటు చెబుతారు. ఆ మిగిలిన చోటంతా ఆయనకొచ్చిన గుడ్మార్నింగు పూలే. పైగా లిడియాకి ఏ పాఠానికాపాఠం విడగొట్టి ఇయ్యాలంట.”

మెడలో పెన్‌డ్రైవ్ తీసి, బల్ల మీద మిషనుకు గుచ్చి, కొనేముందే నడిపి చూసుకోవటానికి ఇది అని మొదలుపెట్టానో లేదో, “మచ్చా?” అంది కోటిరత్నం. “యార్డులో బస్తా మధ్యలోంచి దోసెడు కాయ లాగి చూస్తారే, ఆ మచ్చేగా?”

నాకు ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఇన్నేళ్లలో నా పెన్‌డ్రైవు సంగతి ఒక్క ముక్కలో పట్టుకున్న మొదటి మనిషి. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. బల్ల మీదున్న మిషన్లు ఆవిడకు పనికిరావట. పైన పెట్టినవన్నీ చూపుడు కాయలట, అడుగున తాలు ఉంటుందట. కింద అరల్లో, మూలల్లో, బల్ల కింద ఉన్న మిషన్లన్నీ తీయించింది. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడిస్తుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“పిన్నిగారూ, లోపలున్నది హార్డ్ డిస్కండి. మిరపకాయ కాదు, ఊపితే గింజలు పలకటానికి.”

“పలకటం లేదుగా. పచ్చిగా ఉందేమోనని చూశా.”

ఆ తర్వాత ప్రతి మిషను పక్కనా అరచెయ్యి పెట్టి, గాలి ఏ జోరులో వస్తోందో చూసింది. చివరికి ఇనప్పెట్టె అంత నల్ల లాప్‌టాప్ ఒకటి దొరికింది ఆవిడకి. అది ఆన్ చేస్తే ఫ్యాను పొలంలో మందు కొట్టే ఇంజనులా అందుకుంటుంది. దాన్ని నేను విడిభాగాల కోసం ఉంచుకున్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

నేను పక్కనున్న చిన్న మిషను ముందుకు జరిపాను. స్కూలు పిల్లల కోసం చేసిన రకం, అసలు ఫ్యానే ఉండదు. “ఇది తీసుకోండి. చిన్న ప్రాసెసరు, వేడెక్కదు. చప్పుడు లేకపోతే రికార్డింగు శుభ్రంగా వస్తుంది.”

“ఫ్యాను లేకపోతే దానికి ఊపిరెట్టా ఆడుద్ది?”

“దానికి అక్కర్లేదండి.”

“మా బోరు మోటారు మోగలేదంటే కాలిపోయిందని లెక్క. నాకు గాలి రాని మిషనొద్దు.”

సాయం కోసం ఎలీసమ్మ వైపు చూశాను. “అక్క చెప్పిందంటే అంతేనమ్మా” అంది.

సరే, మీ ఖర్మ అని లోపల అనుకుని, పైకి “ఛార్జరు జాగ్రత్తండి” అన్నాను. పాత డిస్కు తీసి కుదుపులకు చెడని ఎస్ఎస్‌డి వేశాను, లినక్స్ ఎక్కించాను, తెర మీద రికార్డింగు బొమ్మ ఒక్కటే ఉంచి మిగతావన్నీ దాచేశాను. ఆర్ అక్షరం నొక్కితే మొదలవుతుంది, కింద పొడుగు మీట నొక్కితే ఆగుతుందని చూపించాను. కోటిరత్నం తన నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి ఆర్ మీద అంటించింది. ఆ బిళ్ల ఊడిపోతుందేమోనని నేను పైన పారదర్శకం టేపు వేశాను. అది ఇప్పటికీ ఊడలేదు.

వారం తిరక్కుండా మళ్లీ ఇద్దరూ ప్రత్యక్షం. కోటిరత్నం మిషను బల్ల మీద దడాలున పెట్టి, “విను” అంది.

విన్నాను. “శిశువు వికాస దశలు అనగా” అని అద్భుతమైన గొంతు, వెంటనే “హాచ్” అని ఒక తుమ్ము. “మొదటి దశ యందు”, తుమ్ము. “ఒసేయ్, మంచినీళ్లు తేవే”, తుమ్ము. వెనకాల ఫ్యాను హోరు. పాఠం చివరికొచ్చేసరికి వికాసం తక్కువ, తుమ్ములు ఎక్కువ.

వెనక మూత విప్పాను. లోపల ఫ్యాను రెక్కలకీ జాలీకీ ఎర్రటి పొడి గడ్డకట్టి ఉంది. వాళ్లింట్లో లాప్‌టాప్ పెట్టింది మిరపకాయ టిక్కీల, అంటే బస్తాల పక్కనట. అది అటునుంచి కారం పీల్చి, వేడిచేసి, ఇటునుంచి ఆవిడ మొహం మీదకు కొడుతోంది. నేను మామూలు మనిషిలా ఆలోచించకుండా, ఎప్పుడూ చేసినట్టే బ్లోయరు పెట్టి ఊదాను. అంతే. నేనూ, వాళ్లిద్దరూ, టిఫిన్ సెంటర్లో ఇడ్లీ తింటున్నవాళ్లూ కలిసి తుమ్మాం. టిఫిన్ సెంటరాయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

“ఇప్పుడు తీసుకుంటారా చిన్నది?” అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

“ముందే గట్టిగా చెప్పొచ్చుగా” అంది కోటిరత్నం.

ఆ మాటకు నాకొచ్చిన కోపానికి వాటర్ బాటిలు మొత్తం తాగేశాను. కానీ ఈసారి పగ్గాలు నా చేతికొచ్చాయి. ఇక సామానంతా నేనే ఎంచాను. చిన్న మిషను ఆర్ మీద మాత్రం ఆవిడ ఇంకో బొట్టుబిళ్ల అంటించింది. చిన్న మిషనులో వైఫై చిప్పు లినక్స్‌కి అంతుబట్టని రకం, కాబట్టి బయట గుచ్చే వైఫై డాంగిల్ ఒకటి. “ఇంత గింజ ఏం పట్టుకొస్తది?” అంది ఆవిడ. మీ మిరప విత్తనం ఎంతుంటుందండి అని అడిగితే దాన్ని తీసి కొంగున ముడేసుకుంది. లోపల చోటు తక్కువ, అందుకని మెమరీ కార్డు. ఆఖర్న నా దగ్గరున్న వాటిలోకెల్లా మంచి మైకు, స్టాండు మీద దర్జాగా నిలబడేది. చీమ నడిచినా పట్టేస్తుంది. కొనక్కర్లేదు, పరీక్ష అయ్యేదాకా వాడుకోమన్నాను.

“ఒక గదిలో తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక్కరే కూచుని చదవండి. గదిలో ఇంకో ప్రాణి ఉండకూడదు” అని మరీ మరీ చెప్పి పంపాను. జీవితంలో మొదటిసారి నా మాట అక్షరాలా విన్నారు.

తర్వాత కొన్నాళ్లకు లిడియా ఫోన్ చేసింది. అప్పటిదాకా ఆ పిల్లతో నేను మాట్లాడలేదు. మెల్లగా, ఆచితూచి మాట్లాడే గొంతు.

“సిద్దికా అక్కా, పాఠాలు చాలా శుభ్రంగా ఉన్నాయి. థాంక్సక్కా.”

“మరి? నేనెంచిన సామానంటే అంతే.”

“అది కాదక్కా. పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదా?”

“నిక్షేపంగా ఉందే. ఏం?”

“గొంతు పెద్దమ్మదే. కానీ ఫోన్లో మిషను చదివినట్టే ఉంది. విన్నది విన్నట్టే జారిపోతోంది.” కొంచెం ఆగింది. “పరీక్ష దగ్గరపడింది. పెద్దమ్మతో అనబాకండి, బాధపడుద్ది. అంత కష్టపడి చదివింది. నా బుర్రే అంతేలే అనుకుంటాను.”

ఫోను పెట్టేశాక నాకు మతి పోయింది. మిషను మంచిది, మైకు మంచిది, గది మంచిది. ఇంకేం కావాలి? కోపం ఎవరి మీద చూపించాలో తెలియక స్కూటరు మీద చూపించి, కొట్టుకు తాళం వేసి పెదనందిపాడు దారి పట్టాను. రోడ్డుకు అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. నేను దారి పొడుగునా తుమ్ముతూనే వెళ్లాను.

కోటిరత్నం సామాన్ల కొట్టుగదిలో ఉంది. కిటికీలకు దుప్పట్లు, తలుపు సందులో గోనెపట్టా, ఫ్యాను కూడా ఆపేసింది. చెమటతో తడిసి ముద్దయిపోయి, స్టాండు మీది మైకు కేసి బెదురుగా చూస్తూ చదువుతోంది. స్క్రూలు కదిలించిన గొంతు ఏమైపోయిందో. పేరంటానికి కొత్తగా వెళ్లిన అమ్మాయిలా నసుగుతోంది.

“ఏం పిన్నిగారూ, అలా చదువుతున్నారేం?”

“ఎట్టా చదవమంటావమ్మా?” అంది, పుస్తకం ఒళ్లో పడేసి. “ఎవరికి చదవాలి? దీనికా? ఇది తలకాయ ఊపదు, ఊ కొట్టదు. ఎదురుగా మనిషి ఊ అనకపోతే నాకు రెండో మాట రాదు. చెబితే నువ్వు కోప్పడతావని చదువుతున్నా. ఆ పిల్లకు ఎక్కటం లేదు కదూ?”

నేను మైకు తీసి పక్కన పెట్టాను. ఆవిడకు అర్థమైంది. పైట చెంగుతో మొహం తుడుచుకుంది. తుడిచింది చెమట ఒక్కటే కాదు.

“సరే, నాకు చదవండి” అన్నాను.

చదివింది. నేను అలవాటు కొద్దీ “ఊ” అన్నాను. చిన్నప్పుడు మా నాన్నమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టకుండా ఉన్నామా మరి? రెండో ఊ దగ్గర ఆవిడ వెన్ను నిటారైంది. మూడో ఊ దగ్గర గొంతు గది దాటింది. వెంటనే లేచి దుప్పట్లు పీకేశాను.

“పదండి షెడ్డుకి.”

అయితే షెడ్డులో నా మంచి మైకు ఎందుకూ పనికిరాలేదు. చీమ నడిచినా పట్టే మైకు కదా, తొడిమలు విరిచే చప్పుడూ, బయట ట్రాక్టరూ, ఎవరో కోడలి మీద చెప్పుకుంటున్న చాడీలూ అన్నీ పట్టింది. వెంట తెచ్చుకున్న నా పనిముట్ల సంచి అంతా తిరగేసి, అడుగు నుంచి ఒక హెడ్‌సెట్ తీశాను. కాల్ సెంటరువాళ్లు వదిలించుకున్నది, కొనే దిక్కులేక నా దగ్గర పడి ఉంది. దాని మైకుకి చెవుడు. పెదవుల పక్కన పెడితే ఆ నోటి మాట తప్ప ఇంకేదీ పెద్దగా వినపడదు. అప్పటిదాకా నేను దాన్ని చెత్త అనేదాన్ని. కోటిరత్నం దాన్ని కొప్పు మీదుగా తగిలించుకుని, “ఎట్టా ఉన్నానే?” అని అడిగితే షెడ్డంతా నవ్వింది.

ఎలీసమ్మ ఎదురుగా దగ్గరగా కూచుంది. కోటిరత్నం బొట్టుబిళ్ల ఉన్న మీట నొక్కి అందుకుంది.

“ఈ దశలో శిశువు ఇంద్రియముల ద్వారా పరిసరములను గ్రహించును.”

ఎలీసమ్మ చేతులు తొడిమలు తీస్తున్నాయి. ఊ లేదు. కోటిరత్నం మళ్లీ చదివింది. అయినా ఊ లేదు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి ఆవిడ అంది: “అంటే ఏందంటే, చంటిపిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు చూడు. మన లిడియా పాకేటప్పుడు మిరపకాయ నోట్లో పెట్టుకుని ఊరంతా ఏకం చెయ్యలా? కారం అంటే ఏందో దానికి అట్టా తెలిసింది. అదీ.”

“ఊ” అంది ఎలీసమ్మ. అప్పుడు పాఠం ముందుకు కదిలింది.

ఆ పుస్తకమంతా అలాగే సాగింది. ఎలీసమ్మ ఊ అనేదాకా కోటిరత్నం వదిలేది కాదు. రికార్డింగులు నాకు పంపితే పాఠాలుగా విడగొట్టి లిడియాకు పంపటం నా పని. మొదటిది విన్నప్పుడు ఎంత చెవిటి మైకైనా అటువైపు నుంచి ఆ ఊ సన్నగా వినిపిస్తూనే ఉంది. పుస్తకంలో లేని మిరపకాయ కూడా ఉంది. నాకు శుభ్రం పిచ్చి కదా. లినక్స్‌లో ఇలాంటివి తుడిచెయ్యటానికి మంచి ప్రోగ్రాములున్నాయి, పైసా ఖర్చు లేదు. పంపే ముందు లిడియాకు ఫోన్ చేశాను.

“వెనకాల మీ అమ్మ ఊ అనటం పడిందమ్మా. తీసేసి పంపిస్తాను.”

“తీయబాకక్కా” అంది గబుక్కున. ఆ పిల్ల గబుక్కున మాట్లాడటం అదే మొదలు. “అది తీసేస్తే ఎక్కడ అర్థమైందో నాకెట్టా తెలుస్తది?”

నేను ఏమీ తీయలేదు. మిరపకాయతో సహా పంపించాను.

ఫలితాలొచ్చిన రోజున మొదట నాకు తెలిసింది కోటిరత్నం గొంతు వల్లే. ఆటో ఇంకా మలుపులో ఉండగానే “వచ్చిందమ్మాయ్” అని వినపడింది. ముగ్గురూ దిగారు. లిడియా తల్లి భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లెక్కింది. పోస్టు వచ్చింది. పరీక్షలో తన బదులు జవాబులు పెట్టటానికి పక్కన కూచున్న మనిషి ప్రశ్న చదవగానే, అమ్మ ఊ అన్న చోటు చెవిలో మోగేదట. మోగని ప్రశ్నలు కొన్ని తప్పాయట. ఎలీసమ్మ అంతా వింటూ, “నాకేం తెలుసమ్మా, నేను ఊరికే ఊ అన్నా” అంటూ సంచి కొసతో కళ్లొత్తుకుంది. నేను టిఫిన్ సెంటరాయన దగ్గర అందరికీ టీలు చెప్పాను. ఆయన తీసుకొచ్చాడు గానీ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“బడిలో చేరేలోగా నాకు సొంతంగా ఒకటి కావాలక్కా” అంది లిడియా. “తెర మీదున్నది చదివి వినిపించేది, లినక్స్‌ది.”

కోటిరత్నం అప్పటికే కింద అరలోంచి ఒక మిషను లాగి చెవి దగ్గర పెట్టుకుంది. లిడియా చప్పుడు వైపు తిరిగి, “పెద్దమ్మా, ఉండు. అక్కను చెప్పనీ” అంది. స్టూలు తడుముకుని నా ఎదురుగా కూచుని, మొహం నా వైపు పెట్టింది.

ఏళ్ల తరబడి ఎవరూ విననిది ఎక్కడినుంచి మొదలుపెట్టాలో నాకు తోచలేదు. మెడలోంచి పెన్‌డ్రైవ్ తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టాను.

“తక్కువ ధరలో మిషను కొనేటప్పుడు పైన మెరుపు చూడకూడదమ్మా” అన్నాను.

“ఊ” అంది లిడియా.